సంబంధాల పరిశోధన సదస్సులో ప్రసంగం అడిగితే పోస్టర్ ఇచ్చారు. అంత దూరం వెళ్లడం దండగా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. ఉపాధి కోసం గల్ఫ్ వెళ్లిన భర్తలు, జగిత్యాల, నిజామాబాద్ పల్లెల్లో ఉండిపోయిన భార్యలు, వారి మధ్య ఫోను మీద నడిచే సంసారం మీ పీహెచ్‌డీ అంశం. ఇంటర్నేషనల్ అసోసియేషన్ ఫర్ రిలేషన్‌షిప్ రీసెర్చ్, అంటే ఐఏఆర్‌ఆర్, జరిపే సదస్సుకు మీ పరిశోధన సారాంశం, అంటే అబ్‌స్ట్రాక్ట్ పంపారు. ప్రసంగం అడిగితే పోస్టర్‌కు, అంటే పరిశోధనను ఒక పెద్ద కాగితం మీద గోడకు పెట్టి పక్కన నిలబడి చెప్పడానికి, ఒప్పుకున్నారు. మీ దగ్గర వంద మందికి పైగా భార్యల సమాచారం ఉంది, భర్తలది లేదు. ఇంగ్లీషులో ప్రశ్నలు వేస్తే ఏమవుతుందోనన్న బెరుకు ఉంది. లక్షలు పోసి గోడకు ఒక కాగితం అంటించి రావడానికి అంత దూరం వెళ్లాలా అని అడిగారు.

వెళ్లండి. ఖర్చులో కనీసం సగం మీ విశ్వవిద్యాలయమో మరో సంస్థో భరించేటట్లయితే తప్పకుండా వెళ్లండి. అప్పు చేయాల్సి వస్తే మాత్రం ఈసారికి మానేయండి. పోస్టర్ ఇచ్చారన్న కారణంతో మానుకోవద్దు. మొదటిసారి వెళ్లేవారికి ప్రసంగం కన్నా పోస్టరే మేలని నా విద్యార్థులకు ఏటా చెబుతాను. వెళ్లేముందు ఎవరూ నమ్మరు.

ఎందుకు మేలంటారా? ఇలాంటి సదస్సులో ఒక సింపోజియం గంటంబావు నుంచి గంటన్నర వరకు ఉంటుంది. అందులో ముగ్గురు నలుగురు వక్తలు. ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలు చిక్కితే గొప్ప. ముందు మాట్లాడిన పెద్దలు సమయం మింగేస్తే చివరివారు స్లైడ్లను పరుగెత్తించాల్సిందే, ఆ చివరివారు చాలాసార్లు విద్యార్థులే అయి ఉంటారు. అదే వేళకు పక్క గదుల్లో మరికొన్ని సమావేశాలు నడుస్తుంటాయి. మీ గదిలో కూర్చున్నవారిలో సగం మంది ఇంకొకరిని వినడానికి వచ్చినవారు. ప్రశ్నలకు రెండు నిమిషాలు మిగిలితే ఒక ప్రశ్న వస్తుంది, అది కూడా ప్రశ్న రూపంలో ఉన్న సొంత ఉపన్యాసం. పోస్టర్ దగ్గర పరిస్థితి వేరు. గంటో గంటన్నరో మీరు అక్కడే నిలబడతారు. శీర్షిక చదివి, కావాలనుకున్నవారే ఆగుతారు. ఆగినవారు ఐదు నిమిషాలు, ఒక్కోసారి ఇరవై నిమిషాలు మీతోనే మాట్లాడతారు. ఇంగ్లీషు తడబడినా బొమ్మ మీద వేలు పెట్టి చూపించవచ్చు. వేదిక మీద ఆ వెసులుబాటు లేదు.

పైగా ఈ రంగం చిన్నది. వైద్య సదస్సుల్లా వేల మంది గుమిగూడే చోటు కాదు. మీ గ్రంథసూచిలో ఉన్న పేర్లలో కొన్ని కాఫీ కప్పుతో మీ ముందుకు నడిచివచ్చే అవకాశం నిజంగానే ఉంది. వారిలో చాలామంది ఈ రంగం మొదలైన రోజులు చూసినవారు, లేదా చూసినవారి శిష్యులు. 1975లో మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎలెన్ బెర్షీడ్, ఎలైన్ హాట్‌ఫీల్డ్‌ల ప్రేమ పరిశోధనకు అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్ 84,000 డాలర్లు ఇచ్చిందని తెలిసి విస్కాన్సిన్ సెనేటర్ విలియం ప్రాక్స్‌మైర్ మండిపడ్డాడు. ప్రజాధనం వృథా చేసినవారికి ఇస్తానంటూ తాను మొదలుపెట్టిన వెక్కిరింపు పురస్కారాన్ని, ‘గోల్డెన్ ఫ్లీస్’ను, మొట్టమొదట దీనికే అంటగట్టాడు. ఏడేళ్ల తర్వాత, 1982లో, వ్యక్తిగత సంబంధాలపై తొలి అంతర్జాతీయ సదస్సు జరిగింది ఆయన సొంత రాష్ట్రంలోని మాడిసన్‌లోనే. తర్వాత రెండు సంఘాలు ఏర్పడ్డాయి, అవి కలిసి ఐఏఆర్‌ఆర్ అయింది, ఆ పేరుతో తొలి సదస్సు 2004లో మళ్లీ మాడిసన్‌లోనే పెట్టారు. మీ విభాగంలో ఎవరైనా ‘మొగుడూపెళ్లాల ఫోను మాటలు కూడా పరిశోధనేనా’ అంటే ఈ కథ చెప్పండి. తప్పక అంటారు. నన్నూ అన్నారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీరు ఇక్కడ పెట్టిన అబ్‌స్ట్రాక్ట్ రెండుసార్లు చదివాను. అందులో ఉన్న గొప్ప సంగతిని నాలుగో వాక్యంలో దాచారు. చాలా ఇళ్లలో భర్త ఫోను ముందు అత్తకు వస్తుందనీ, స్పీకరు పెట్టి అందరూ మాట్లాడాక చివర్లో భార్య వంతు వస్తుందనీ, మరికొన్ని ఇళ్లలో ఆమె సొంత ఫోనుకు రాత్రి విడిగా వస్తుందనీ రాశారు. మీ పోస్టర్ అదే. మిగిలినదంతా దానికి ఆసరా. ఈ రంగంలోని నమూనాలు చాలావరకు ఇద్దరు మనుషులను ఒక గదిలో కూర్చోబెట్టి చూస్తాయి. డేవిడ్ కెన్నీ, ఆయన సహచరులు తీర్చిదిద్దిన, ఒకరి గుణం తనపైనా భాగస్వామిపైనా చూపే ప్రభావాన్ని లెక్కించే యాక్టర్-పార్ట్‌నర్ నమూనా పేరులోనే ఇద్దరున్నారు. మన ఇళ్లలో దంపతుల మాట మూడో మనిషి చెవి మీదుగా పోతుంది. ఆ మూడో మనిషి ఉన్నప్పుడు, లేనప్పుడు భార్య తృప్తిలో తేడా ఎంత? దీనికి మీ దగ్గర అంకెలున్నాయి. దూరదేశం నుంచి వచ్చిన పరిశోధకుడు మీ పోస్టర్ ముందు ఆగేది ఇందుకే. గల్ఫ్ వలస విషాదం వినడానికి ఆగడు.

ఇక మీరు సిగ్గుపడుతున్న లోటు గురించి. భర్తల సమాచారం లేకపోవడం లోటే, కానీ మీరు అనుకున్నంత లోటు కాదు. రెండు జాగ్రత్తలు తీసుకుంటే చాలు. మొదటిది, శీర్షికలో ‘దంపతులు’ అన్న మాట తీసేయండి. ‘భార్యలు’ అనండి. మీరు దంపతులను అధ్యయనం చేయలేదు. ‘దంపతులు’ అని చూడగానే ఈ రంగంవారు అడిగే మొదటి ప్రశ్న ‘రెండోవారి సమాచారం ఏది’ అన్నదే, శీర్షికే నిజం చెప్పేస్తే సగం ప్రశ్న అక్కడే ఆగిపోతుంది. రెండోది, మీరు కొలిచినది ఏమిటో సరిగ్గా చెప్పండి. ‘ఆయన నన్ను అర్థం చేసుకుంటాడు, నా బాగోగులు పట్టించుకుంటాడు’ అన్న భావనను కొలిచారు. మనస్తత్వ శాస్త్రవేత్త హ్యారీ రైస్ ఎన్నో ఏళ్లుగా దీని చుట్టూనే సాన్నిహిత్యాన్ని వివరిస్తున్నాడు, అది భార్య మనసులోని సంగతి కాబట్టి భార్యనే అడగాలి. సమాంథా జోయెల్ నాయకత్వంలో 2020లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణ మీకు అండగా ఉంటుంది. 43 సమాచార సముదాయాలు, 11,196 జంటలు. ఒకరి తృప్తిని అంచనా వేయడంలో వారు స్వయంగా చెప్పిన సంగతులు భాగస్వామి చెప్పినవాటికన్నా రెండు నుంచి నాలుగు రెట్లు ఎక్కువ పనికొచ్చాయి. ఇది మీకు పూర్తి మినహాయింపు కాదు. భర్త నిజంగా పట్టించుకుంటున్నాడా అన్నదాన్ని మీ సమాచారం చెప్పలేదు, చెప్పినట్టు రాయకండి.

ఒకవేళ రేపు కొందరు భర్తలను ఫోనులో పట్టుకుని ప్రశ్నావళి నింపించగలిగితే ఒక మాట గుర్తుంచుకోండి. వంద జంటలంటే వంద జంటలే, రెండు వందల మంది విడివిడి మనుషులు కాదు. ఒకే ఇంటివారి జవాబులు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. మామూలు రిగ్రెషన్‌లో, అంటే ఒక్కో జవాబును విడిగా తీసుకునే లెక్కలో, రెండు వందల వరుసలు పోసి, ఫలితం గణాంకపరంగా గట్టిదని చూపే తారలు వేసిన పట్టికలు మన దగ్గర ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి, ఈ సదస్సులో అవి అర నిమిషం నిలవవు. కెన్నీ, కాషీ, కుక్ 2006లో రాసిన పుస్తకం ఈ విశ్లేషణకు అందరూ వాడేది, గ్రంథాలయంలో లేకపోతే తెప్పించమనండి.

నిబద్ధత కొలత గురించి కూడా ఆలోచించండి. కారిల్ రస్‌బల్ట్ 1980లో ప్రతిపాదించిన పెట్టుబడి నమూనా (తృప్తి, వేరే దారులు, బంధంలో పెట్టినది కలిసి నిబద్ధతను నిర్ణయిస్తాయన్నది) ప్రకారం ప్రశ్నలు వేశానన్నారు. మీ జవాబుల్లో ఎక్కువ భాగం ఏడుకు ఏడు అయి ఉంటాయని నా ఊహ. విడిపోవడం అన్న మాటే నోట రానివ్వని ఊరిలో ‘ఈ బంధం కొనసాగాలని కోరుకుంటున్నారా’ అని అడిగితే ఇంకేం చెబుతారు? అందరూ ఒకే జవాబు ఇచ్చిన కొలతతో ఏ సంబంధమూ తేలదు. ఆ కొలతను పోస్టర్‌లోంచి తీసేయడమో, లేదా దాన్నే ఒక విషయంగా చూపడమో చేయండి. నేనైతే రెండోది చేస్తాను. రస్‌బల్ట్, మార్ట్జ్ 1995లో హింస నుంచి తప్పించుకుని ఆశ్రయ గృహానికి వచ్చిన మహిళలపై చేసిన అధ్యయనం ఇక్కడ పనికొస్తుంది. వేరే దారి లేనివారు తృప్తి లేకపోయినా బంధానికి కట్టుబడి ఉంటారు, తిరిగి వెళతారు. ఉండిపోవడం ఒకటి, సంతోషంగా ఉండడం ఇంకొకటి అన్న తేడా మీ సమాచారంలో స్పష్టంగా కనబడాలి.

దూరపు సంబంధాలపై పాశ్చాత్య పరిశోధన చాలావరకు కళాశాల విద్యార్థుల ప్రేమల మీద జరిగింది. లారా స్టాఫర్డ్ బృందం పని చూసే ఉంటారు. దూరంగా ఉన్నవారు ఒకరినొకరు ఆదర్శంగా ఊహించుకుంటారని, మళ్లీ ఒకే ఊరికి చేరిన జంటల్లో సుమారు మూడో వంతు మూడు నెలల్లోపే విడిపోయారని 2006, 2007 నాటి పత్రాల్లో చూపారు. మీ దగ్గర ఉన్నది పెళ్లిళ్లు. భర్త తిరిగి రావడం ప్రేమతో తీసుకున్న నిర్ణయం కాదు, వీసా గడువో కంపెనీ సెలవో చెబుతుంది. వచ్చి రెండు నెలలుండి వెళ్లిపోయే ఆ సెలవు రోజుల్లో ఏం జరుగుతుందో మీ ఇంటర్వ్యూల్లో ఉంటే అది రెండో పోస్టర్ అవుతుంది. అన్నీ ఒకదాంట్లోనే కుక్కకండి. కేరళ గల్ఫ్ కుటుంబాల స్త్రీల మీద లీలా గులాటీ 1993లోనే రాశారు, ఆమెను ఉదహరించకుండా మాత్రం వెళ్లవద్దు. ‘దీని మీద ఇంతవరకు ఎవరూ పని చేయలేదు’ అన్న వాక్యం మన పరిశోధకులకు ఒక వ్యసనం.

‘భారతదేశంలో’ అన్న మాట మీద పోస్టర్‌ను నిలబెట్టకండి. హెన్రిక్, హైన్, నోరెంజయన్ 2010లో మనస్తత్వశాస్త్ర పరిశోధన చాలావరకు పాశ్చాత్య, చదువుకున్న, సంపన్న సమాజాల వారిమీదే ఆధారపడిందని ఎత్తిచూపాక మనలాంటి ప్రాంతాల సమాచారానికి గిరాకీ పెరిగిన మాట నిజం. దాన్ని నమ్ముకుని చాలామంది ‘భారతీయ నమూనాలో తృప్తి’ అని శీర్షిక పెట్టి, పాత కొలతను కొత్త చోట వేసి, పాత ఫలితమే తెస్తారు. చూసినవారు మర్యాదగా తల ఊపి వెళ్లిపోతారు. చోటు కొత్తదైతే చాలదు, ఆ చోటు పాత సిద్ధాంతాన్ని ఎక్కడ ఇబ్బంది పెడుతోందో చూపాలి. మీ స్పీకరు ఫోను ఆ పని చేస్తుంది.

ఎంత వద్దనుకున్నా ఒక ప్రశ్న తప్పదు: పెద్దలు కుదిర్చిన పెళ్లిళ్లలో ప్రేమ కాలంతో పెరుగుతుందట కదా? ఇది 1982లో ఉషా గుప్తా, పుష్పా సింగ్ జైపూర్‌లో చేసిన అధ్యయనం నుంచి పుట్టిన మాట. అందులో ఉన్నవి యాభై జంటలు. ఒకే జంటను ఏళ్ల తరబడి వెంబడించి చూడలేదు, పెళ్లయి వేర్వేరు ఏళ్లయిన జంటలను పక్కపక్కన పెట్టి పోల్చారు. పత్రికలు, పెళ్లి సలహాల పుస్తకాలు దాన్ని ఎక్కడికో తీసుకెళ్లాయి. 2012లో పమేలా రీగన్ బృందం అమెరికాలోని భారతీయులను చూసినప్పుడు రెండు రకాల పెళ్లిళ్ల మధ్య ప్రేమలో, తృప్తిలో, నిబద్ధతలో తేడా కనబడలేదు. ఈ రెండూ కలిపి అర నిమిషంలో చెప్పి, ‘నా ప్రశ్న మాత్రం ఫోను ఎవరి చేతిలో ఉంది అన్నది’ అని మీ పోస్టర్‌కు తిప్పండి. చాలా ఏళ్ల కిందట నేను మేనరికం పెళ్లిళ్లలో అత్తాకోడళ్ల గురించి పోస్టర్ పెట్టినప్పుడు వచ్చినవారంతా పిల్లల జన్యులోపాల గురించే అడిగారు. అత్త స్వయానా మేనత్త అయితే కోడలికి ఇంట్లో నోరు ఎక్కువ లేస్తుందా తక్కువ లేస్తుందా అన్నది నా ప్రశ్న. వైద్య సంగతిని రెండు వాక్యాల్లో ముగించి అటు తిప్పడం అలవాటు చేసుకున్నాక మంచి సంభాషణలు జరిగాయి.

అందుకే పోస్టర్ మీద ఒక మూల చిన్న పెట్టెలో నేపథ్యం రాయండి. ఒప్పందం ఎన్నేళ్లు, సెలవు ఎప్పుడు, కుటుంబ వీసా ఎందుకు దొరకదు. దుబాయ్‌లో వాట్సాప్ కాల్స్ పనిచేయవు, బోటిమ్ వంటి అనుమతి ఉన్న యాప్‌లు వాడాలి. కువైట్, సౌదీల్లో ఇక్కడికన్నా గడియారం రెండున్నర గంటలు వెనక, శుక్రవారం సెలవు. ఆయన డ్యూటీ దిగి వంట చేసుకుని ఫోను చేసేసరికి ఇక్కడ పిల్లలు నిద్రపోతారు. మనకు తెలిసిన ఈ సంగతులు అక్కడివారికి తెలియవు, మీ ఫలితాలకు సగం వివరణ ఇందులోనే ఉంది.

పోస్టర్ తయారీ గురించి క్లుప్తంగా చెబుతాను. కొలతలు నిర్వాహకులు పంపినవే పాటించండి. యూరప్‌లో తరచు ఏ0 నిలువు, అంటే 84.1 × 118.9 సెంటీమీటర్లు. అమెరికాలో అంగుళాల్లో, ఎక్కువగా అడ్డంగా ఉంటుంది. 2019లో మైక్ మారిసన్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి, ప్రధాన ఫలితాన్ని మధ్యలో పెద్ద అక్షరాల్లో ఒకే వాక్యంగా పెట్టడం, అందరికీ నచ్చకపోయినా మీకు సరిపోతుంది. ఒక బొమ్మ చాలు. పట్టికలు క్యూఆర్ కోడ్ వెనక పెట్టండి. మన ఊళ్లో ఫ్లెక్సీ చౌకగా కొడతారు, కానీ అది బరువు, మడతపెడితే గీతలు పడతాయి, పైగా మన డిజైనరుకు వదిలేస్తే కూడలిలో నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీలా నాలుగు రంగుల అక్షరాలతో తయారవుతుంది. గుడ్డ మీద అచ్చు వేయించండి. బట్టల మధ్య మడిచి పెట్టుకోవచ్చు. విమానంలో గొట్టం మోసే బాధ ఉండదు.

ఇంగ్లీషు భయం సంగతి. అక్కడికి నెదర్లాండ్స్, ఇజ్రాయెల్, టర్కీ, చైనా నుంచి వచ్చేవారికి కూడా ఇంగ్లీషు ఇంటి భాష కాదు. అర నిమిషం మాట ఒకటి, రెండు నిమిషాల మాట ఒకటి సిద్ధం చేసుకోండి. బట్టీ పట్టకండి. మీ విశ్వవిద్యాలయంలోనే వేరే విభాగం వారికి, ఉదాహరణకు రసాయనశాస్త్రం చేస్తున్న స్నేహితురాలికి, పోస్టర్ చూపించి చెప్పండి. ఆమెకు అర్థమైతే అందరికీ అర్థమవుతుంది. ఎవరైనా ఆగగానే ‘మీరు ఏ అంశం మీద పని చేస్తున్నారు’ అని అడగండి. వారి జవాబును బట్టి ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది, మీకు ఊపిరి తీసుకునే వ్యవధీ దొరుకుతుంది. ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ చెప్పమనండి. ‘ఆ విశ్లేషణ ఇంకా చేయలేదు, రాసుకుంటాను’ అన్నది మంచి జవాబు. చేతిలో చిన్న పుస్తకం పెట్టుకుని నిజంగానే రాసుకోండి. నా విద్యార్థిని ఒకామె ఉమ్మడి కుటుంబాల్లో కొత్త కోడళ్ల గురించి పోస్టర్ పెట్టింది. ఒక పెద్దావిడ ఆగి, ‘ఆ ఇంట్లో కొడుకులెందరు? ఒక్క కోడలున్న ఇల్లు, ముగ్గురు తోడికోడళ్లున్న ఇల్లు ఒకే లెక్కలో వేశావా?’ అని అడిగింది. ఇక్కడ మేమెవరం అడగని ప్రశ్న. ఆ అమ్మాయి సిద్ధాంత గ్రంథంలో నాలుగో అధ్యాయం అలా పుట్టింది.

మీ అంశానికి ప్రత్యేకంగా వర్తించే హెచ్చరిక ఒకటుంది, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. భార్య చెప్పిన మాట భర్త చదివితే గుర్తుపడతాడా? పేరు మార్చి, ఊరి పేరు తీసేస్తే సరిపోదు. ‘కువైట్‌లో క్రేన్ ఆపరేటర్ భార్య, కవలలు, అత్తకు పక్షవాతం’ అని రాస్తే ఆ మండలంలో అందరికీ తెలిసిపోతుంది. పోస్టర్ ఫొటోలు గంటలో ఇంటర్నెట్‌లోకి ఎక్కుతాయి, గల్ఫ్‌లోని మన కార్మికుల వాట్సాప్ గ్రూపులు ఎంత చురుకైనవో మీకు నాకన్నా బాగా తెలుసు. నేరుగా ఉటంకించే మాటలను రెండు మూడుకు తగ్గించండి. వృత్తి, పిల్లల సంఖ్య వంటివి ఆ మాటల పక్కన పెట్టకండి. అత్త మీద ఫిర్యాదు ఉన్న వాక్యం ఒక్కటి కూడా పోస్టర్ మీద వద్దు, ఎంత అందంగా ఉన్నా సరే. ఇంటర్వ్యూ జరిగినప్పుడు ఆమె ఒంటరిగా ఉందా, ఇంట్లో ఇంకెవరైనా వింటున్నారా అన్నది అడుగుతారు. నిజం చెప్పండి. మీ సంస్థ నైతిక సంఘం అనుమతి సంఖ్యను పోస్టర్ అడుగున వేయండి.

డబ్బు, వీసా. ఐఏఆర్‌ఆర్ ప్రధాన సదస్సు రెండేళ్లకోసారి జరుగుతుంది, మధ్య ఏడాదుల్లో ఒక్కో అంశం మీద చిన్న సదస్సులు పెడతారు. గతంలో 2012లో షికాగో, 2014లో మెల్‌బోర్న్, 2016లో టొరాంటో, 2018లో ఫోర్ట్ కాలిన్స్. మనకు ఏదీ దగ్గర కాదు. మీ విశ్వవిద్యాలయ ప్రయాణ నిధితో పాటు భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలికి, అంటే ఐసీఎస్ఎస్ఆర్‌కు దరఖాస్తు చేయండి. దాని దక్షిణ ప్రాంతీయ కేంద్రం ఉస్మానియా ప్రాంగణంలోనే ఉంది, వెబ్‌సైట్ చదవడం కన్నా వెళ్లి అడిగితే ఏ పథకం ఇప్పుడు నడుస్తోందో తెలుస్తుంది. నిర్వాహకులకు కూడా ఉత్తరం రాసి విద్యార్థుల రాయితీ, తక్కువ ఆదాయ దేశాల రాయితీ ఉన్నాయేమో అడగండి. అడిగినందుకు ఎవరూ ఏమీ అనుకోరు.

సదస్సు ఏ దేశంలోనో మీరు రాయలేదు. అమెరికా అయితే సదస్సులకు బీ1 వీసా. హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ తేదీ దొరకడమే పెద్ద పని కాబట్టి అంగీకార పత్రం చేతికి వచ్చిన రోజే మొదలుపెట్టండి. యూరప్‌లో ఒకే వీసాతో నడిచే షెంజెన్ దేశమైతే ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. నిర్వాహకుల ఆహ్వాన పత్రంలో మీ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. ఇంటిపేరు ముందుండే మన పద్ధతి వల్ల ఇక్కడ తరచు తిరకాసు వస్తుంది. వీసా చేతికి రాకముందు రద్దు కుదరని టికెట్ కొనకండి.

ఇక్కడే ఒక మాట, ఇది మిమ్మల్ని ఉద్దేశించి కాదు, ఈ జవాబు చదివే మిగిలినవారికి. సదస్సు అసలుదో కాదో ముందు చూసుకోండి. మనస్తత్వశాస్త్రం, ఇంజినీరింగ్, వ్యవసాయం అన్నీ ఒకే హోటల్లో ఒకే రోజు, అబ్‌స్ట్రాక్ట్ పంపిన మర్నాడే అంగీకారం, వెంటనే రుసుము కట్టమని ఒత్తిడి, పత్రిక ప్రచురణకు హామీ. ఇవి కనిపిస్తే పక్కకు తప్పుకోండి. హైదరాబాద్ కేంద్రంగా పత్రికలు, సదస్సులు నడిపిన ఓమిక్స్ సంస్థ మీద 2019లో అమెరికా ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని తీర్పు ఇచ్చింది. ప్రముఖులు వస్తున్నారని వారి అనుమతి లేకుండానే పేర్లు వేసి సదస్సులను ప్రచారం చేశారన్నది అందులోని ఆరోపణల్లో ఒకటి. ఐఏఆర్‌ఆర్ వంటి సభ్యుల సంఘాలు నడిపే సదస్సుల తీరు వేరు: కార్యక్రమ సంఘంలో ఎవరున్నారో తెలుస్తుంది, సమీక్షకు వారాలు పడుతుంది, తిరస్కరించడమూ ఉంటుంది.

అక్కడికి వెళ్లాక ఎలా ఉండాలన్నదానికి పెద్ద రహస్యాలు లేవు. ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను. ఆ దేశంలో బాబాయి గారో పిన్ని గారో ఉన్నారని వారింట్లో దిగకండి. మనవాళ్లు ప్రేమగా రమ్మంటారు, రోజూ గంటన్నర దూరం నుంచి కారులో దింపుతామంటారు. సాయంత్రం ఆరింటికల్లా బయల్దేరాల్సి వస్తుంది, సదస్సులో అసలు మాటలు మొదలయ్యేదే అప్పుడు. వేదికకు నడిచే దూరంలో, వీలైతే ఇంకో విద్యార్థినితో గది పంచుకుని ఉండండి. విశ్వవిద్యాలయంలో జరిగితే వేసవిలో ఖాళీగా ఉన్న హాస్టల్ గదులు తక్కువకు ఇస్తుంటారు. బంధువుల ఇంటికి సదస్సు అయ్యాక వెళ్లండి. శాకాహారమైతే పప్పుల పొడి, అటుకులు పెట్టుకుంటే రోజులు గడుస్తాయి.

అన్ని సమావేశాలకూ హాజరు వేయించుకోనక్కరలేదు. రోజుకు మూడు చాలు. మీ అంశంతో నేరుగా సంబంధం లేని ఒక సింపోజియంలో కూర్చోండి, ఉదాహరణకు రోజువారీ డైరీ పద్ధతుల మీద. రెండు వారాల పాటు ప్రతి రాత్రి ఆమె ఫోనుకు ఐదు ప్రశ్నలు పంపి జవాబులు రాబట్టే పద్ధతి మీ అంశానికి అతికినట్టు సరిపోతుంది, శుక్రవారం ఫోనుకూ మంగళవారం ఫోనుకూ తేడా తేలేది అలాగే. పెద్ద పేరున్నవారి చుట్టూ గుంపులో నిలబడేకన్నా వారి దగ్గర పీహెచ్‌డీ ముగించుకుని పనిచేస్తున్న పోస్ట్‌డాక్‌తో మాట్లాడండి. ఆ కొలతను ఎలా వాడాలో, ఏ ప్రశ్న పనిచేయదో నిజంగా తెలిసింది వారికే. విద్యార్థులకు విడిగా భోజన సమావేశమో పరిచయ కార్యక్రమమో ఉంటే దానికి ముందే పేరు ఇవ్వండి. తర్వాత రాసే ఉత్తరం వారం లోపు వెళ్లాలి, అందులో ‘మిమ్మల్ని కలవడం ఆనందం’ అన్న వాక్యంతో పాటు వారు అడిగిన ఒక ప్రశ్నకు మీ జవాబు కూడా ఉండాలి.

ఈసారి కుదరకపోతే నష్టమేమీ లేదు. నేషనల్ అకాడమీ ఆఫ్ సైకాలజీ వారి వార్షిక సదస్సులో ఇదే పోస్టర్ పెట్టి చూడండి, అక్కడ వచ్చిన ప్రశ్నలతో సరిదిద్దుకుని వచ్చే ఐఏఆర్‌ఆర్‌కు పంపండి.

వెళితే మాత్రం తిరిగొచ్చాక పద్దుల విభాగంతో పని పడుతుంది. బోర్డింగ్ పాసులు, రిజిస్ట్రేషన్ రసీదు, హాజరు ధ్రువపత్రం, డాలర్లు మార్చిన చీటీ అన్నీ ఒక కవరులో దాచండి. బోర్డింగ్ పాసు ఫోనులో ఉందంటే మన కార్యాలయాల్లో ఒప్పుకోరు, విమానాశ్రయంలోనే కాగితం మీద తీసుకోండి.